సైకాలజీ, సోషల్ వర్క్ రెండూ కలిపి చదివితే

(బళ్లారిలో జరిగిన మన ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 37 ఏళ్లు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. చదివింది బి.కాం. పాస్‌బుక్కులు, లెడ్జర్లు, నోట్ల కట్టలు తప్ప నాకు వేరే విద్య తెలియదు. అలాంటి నన్ను సైకాలజీ, సోషల్ వర్క్ చదువుల గురించి మాట్లాడమనడం ఏమిటని మీకు అనిపించవచ్చు. ఈసారి కమిటీకి వచ్చిన దరఖాస్తులలో రెండు ఈ చదువులకు సంబంధించినవి. ఒక అమ్మాయి బి.ఎ.లో సైకాలజీ చదివి ఎం.ఎస్.డబ్ల్యు.లో చేరాలనుకుంటున్నది. ఒక అబ్బాయి డిగ్రీలోనే రెండూ తీసుకోవచ్చా అని అడిగాడు. "మనలో ఎవరికీ ఇది సరిగ్గా తెలియదు, మీరు కాస్త కనుక్కొని సభలో చెప్పండి" అని కార్యదర్శిగారు నాకు పురమాయించారు. రిటైరైనవాడికి తీరికే కదా. రెండు నెలలు కాలేజీలకు, ఆసుపత్రికి తిరిగి, అయ్యవార్లను అడిగి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను. ఇందులో నేను తీర్చవలసిన సొంత బాకీ కూడా ఒకటి ఉంది. అది చివర చెబుతాను.

ముందు మన అపోహల సంగతి. సైకాలజీ అంటే ఎదుటివాడి మనసులో ఏముందో చూసి చెప్పే విద్య అని కొందరు, పిచ్చి డాక్టరు చదువు అని కొందరు అనుకుంటారు. రెండూ కావు. మనిషి ఎలా నేర్చుకుంటాడు, ఎలా గుర్తుంచుకుంటాడు, ఎందుకు భయపడతాడు, పిల్లవాడి మనసు వయసుతో ఎలా మారుతుంది, ఏది మామూలు దిగులు, ఏది జబ్బు, ఇలాంటివి పద్ధతిగా, పరీక్షించి తెలుసుకునే శాస్త్రం. మందులు రాసే సైకియాట్రిస్టు వేరు. ఆయన ఎం.బి.బి.ఎస్. చేసి ఆపైన మానసిక వైద్యం చదివిన డాక్టరు. సైకాలజీ చదివినవారు మందులు రాయరు.

సోషల్ వర్క్ అనగానే మనకు గుర్తొచ్చేది వీధి మలుపులో ఫ్లెక్సీ. దాని మీద ఒక పెద్దమనిషి బొమ్మ, కింద 'సమాజ సేవకులు' అని ఉంటుంది. దానికీ ఈ చదువుకూ సంబంధం లేదు. మన దేశంలో ఈ చదువు 1936లో బొంబాయిలో మొదలైంది. అప్పుడు దాని పేరు సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్. అదే ఇప్పుడు టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. మద్రాసులో 1952లో మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ వచ్చింది. అంటే ఇది కొత్తగా పుట్టిన ఫ్యాషన్ కోర్సు కాదు. కష్టంలో ఉన్న మనిషి ఇంటి పరిస్థితి ఏమిటి, చుట్టూ ఎవరున్నారు, ఏ చట్టం, ఏ పథకం, ఏ ఆఫీసు అతనికి పనికొస్తాయి, అతని కాళ్ల మీద అతన్ని ఎలా నిలబెట్టాలి అని నేర్పే వృత్తి విద్య ఇది. దానికి జీతం ఉంటుంది. దయతలచి చేసే ధర్మకార్యం కాదు.

ఈ రెండూ కలిపి ఎందుకు చదవాలి? ఇది నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. మా ఇంట్లోనే తెలిసింది.

1986లో మా తమ్ముడు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మాట్లాడడం మానేశాడు. స్నానం చేయడు, కాలేజీకి పోడు, రాత్రంతా గోడకు ఆనుకొని కూర్చునేవాడు. మా నాయన సోమరితనమన్నాడు. మా అమ్మ ఎవరో చేతబడి చేశారన్నది. తాయెత్తులు కట్టించాము, ఒక గుడి కాదు, ఒక దర్గా కాదు, అన్నీ తిరిగాము. నేను అప్పటికి బ్యాంకులో చేరి కొన్నేళ్లయింది. చదువుకున్నవాణ్ణి, అయినా నాకూ అంతకు మించి తోచలేదు. దాదాపు మూడేళ్లు అలా గడిచాయి.

ఒకసారి వాణ్ణి సిరుగుప్ప వైపు మా మేనత్త ఊరికి పంపించాము. అక్కడ ఇంటింటికీ తిరిగే హెల్త్ వర్కరు వాణ్ణి చూసి, "ఈ అబ్బాయి ఎన్నాళ్ల నుంచి ఇట్లా ఉన్నాడమ్మా?" అని మా అత్తను అడిగింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మన్నది. ఆ డాక్టరు మాత్రలు ఇచ్చాడు. రెండు నెలల్లో మా తమ్ముడు మళ్లీ మనిషయ్యాడు.

ఒక పల్లె హెల్త్ వర్కరుకు ఈ సంగతి ఎలా తెలిసిందో చాలా ఏళ్ల తర్వాత గాని నాకు అర్థం కాలేదు. 1985 నుంచి 1990 వరకు బెంగళూరు నిమ్హాన్స్ వారు, కర్ణాటక ప్రభుత్వం కలిసి మన బళ్లారి జిల్లాలోనే ఒక ప్రయోగం చేశారు. మానసిక రోగులను బెంగళూరుకు రమ్మనకుండా, పల్లెలలోని ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, హెల్త్ వర్కర్లకు శిక్షణ ఇచ్చి, మందులు అక్కడికే చేర్చారు. మూర్ఛ రోగాన్ని కూడా ఇందులో చేర్చారు. దీనినే 'బళ్లారి నమూనా' అంటారు. 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఈ అనుభవమే దానికి ఆధారం. మొదట తీసుకున్న నాలుగు జిల్లాలలో తెలుగునాట మెదక్ ఒకటి. దేశమంతా మన ఊరి పేరు పెట్టి చెప్పుకొనే పని మన గడప ముందు నుంచే నడిచిపోతుంటే, మేము తాయెత్తు కట్టించుకొంటూ కూర్చున్నాము.

మాత్రలతో మా తమ్ముడికి నిద్ర వచ్చింది, మాట వచ్చింది. ఆ తర్వాత ఏం చేయాలో మాకు ఎవరూ చెప్పలేదు. కాలేజీ వాళ్లు మళ్లీ చేర్చుకోలేదు. బంధువులు పెళ్లికి పిలిచినా వాణ్ణి ఒక మూల కూర్చోబెట్టేవారు. "బాగయ్యాడు కదా, ఇంకెందుకు మాత్రలు?" అని మా నాయన మాన్పించాడు. ఆరు నెలలకు జబ్బు తిరగబెట్టింది. జబ్బును చూసినవారు ఉన్నారు. ఇంటిని చూసినవారు, మా నాయనను కూర్చోబెట్టి నచ్చజెప్పినవారు లేరు. మళ్లీ మందులు మొదలుపెట్టి, వాడు కుదురుకోవడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. ఇప్పుడు చిన్న కిరాణా అంగడి నడుపుకుంటున్నాడు. ఈ సంగతి సభలో చెప్పమని వాడే అన్నాడు కాబట్టి చెబుతున్నాను.

ఇంటిని కూడా చూస్తే ఎలా ఉంటుందో బ్యాంకులో చూశాను. 2009 ప్రాంతంలో మా బ్రాంచికి ఒక పెద్దావిడ కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. కొడుకుకు ముప్పై ఏళ్లుంటాయి. మానసిక జబ్బు. వికలాంగుల పింఛను జమ కావడానికి ఖాతా తెరవాలి. వెంట ఒక సోషల్ వర్కరు వచ్చింది, పాతికేళ్ల అమ్మాయి. ఫారాలు నింపడానికి నేను వాళ్లను కూర్చోబెట్టాను. ఆ అమ్మాయి తెలుగులో పెద్దావిడతో మాట్లాడుతూ ఉంది. అంతకుముందు ఆ కొడుకు మందులు సరిగా తీసుకోవడం లేదని, మొండివాడని ఆసుపత్రి చీటీలో రాశారట. ఈ అమ్మాయి ఊరికి పోయి చూస్తే అసలు సంగతి వేరు. ఆసుపత్రిలో మందులిచ్చే రోజు సోమవారం. ఆ రోజు తల్లి కూలి మానుకొని, ఇద్దరికీ బస్సు ఛార్జీలు పెట్టుకొని రావాలి. డబ్బు లేని నెలలో మందు లేదు. కొడుకు మొండివాడు కాదు, తల్లి చేతిలో పైసలు లేవు. ఆ అమ్మాయి డాక్టరుతో మాట్లాడి, వాళ్ల ఊరివాళ్లు సంతకు వచ్చే రోజుకు మార్పించింది. ఒకసారి వస్తే రెండు నెలల మందులు ఇచ్చేటట్లు చూసింది. పింఛను కోసం సర్టిఫికెట్టు తెప్పించింది. ఖాతా పని అయ్యాక, "అమ్మా, అన్నకు మాత్రలు నువ్వు ఇవ్వొద్దు, నీ ముందర తననే తీసుకోమను. తన పని తనే చేసుకుంటున్నానని అతనికి తెలియాలి" అని చెప్పింది.

అప్పుడు నేను ఆమెను ఏమి చదివావమ్మా అని అడిగాను. "డిగ్రీలో సైకాలజీ, తర్వాత ఎం.ఎస్.డబ్ల్యు. సార్" అన్నది. సంత రోజుకు మార్పించడం ఒక చదువు, మాత్ర తననే తీసుకోమనడం ఇంకో చదువు. కామర్సు చదివిన పిల్లలకు జంట పద్దు తెలుసు. ఒక్క లావాదేవీనే రెండు ఖాతాలలో రాస్తాము. ఒకవైపు రాసి రెండోవైపు వదిలేస్తే సాయంత్రానికి లెక్క కుదరదు. మా తమ్ముడి విషయంలో ఒక పద్దే రాశారు. ఈ పెద్దావిడ కొడుకుకు రెండూ రాశారు. నాకు తెలిసిన భాషలో ఇంతకంటే బాగా చెప్పలేను.

ఈ అవసరం ఎంత ఉందో ఒక్క లెక్క చెబుతాను. 2015–16లో నిమ్హాన్స్ వారు 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. పెద్దవాళ్లలో నూటికి సుమారు 10.6 మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నదని తేలింది. జబ్బును బట్టి వారిలో నూటికి 70 నుంచి 92 మందికి చికిత్సే అందడం లేదని కూడా తేలింది. ఈ సభలో రెండువందల మంది ఉన్నారనుకుందాం. లెక్క మీరే వేసుకోండి.

ఇక పిల్లలకు, తల్లిదండ్రులకు పనికివచ్చే వివరాలు. ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఈ మధ్య నియమాలు చాలా మారాయి. నాలుగేళ్ల కిందట ఎవరో చెప్పిన సలహా ఇప్పుడు పనికిరాకపోవచ్చు.

మొదటిది, ఏది ముందు చదవాలి? ఎం.ఎస్.డబ్ల్యు.లో చేరడానికి చాలా విశ్వవిద్యాలయాలలో ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. సైకాలజీ ఎం.ఎ., ఎం.ఎస్‌సి.లకు చాలాచోట్ల డిగ్రీలో సైకాలజీ చదివి ఉండాలంటారు. అందువల్ల రెండింటి మీదా ఆసక్తి ఉన్న పిల్లలు డిగ్రీలో సైకాలజీ ఉండేటట్లు చూసుకోవడం మేలు. ఆ తర్వాత సోషల్ వర్క్ వైపు పోవచ్చు, సైకాలజీలోనే కొనసాగవచ్చు. రెండు తలుపులూ తెరిచి ఉంటాయి. ముందు బి.ఎస్.డబ్ల్యు. చేసి తర్వాత సైకాలజీ ఎం.ఎ. కోరుకునేవారు, అది ఇచ్చే విశ్వవిద్యాలయం అర్హతలు ముందే చూసుకోవాలి. డిగ్రీ మూడేళ్లు అయ్యాక చూసుకొంటే లాభం లేదు.

కర్ణాటకలో 2021–22లో వచ్చిన నాలుగేళ్ల డిగ్రీ పద్ధతిని తీసేసి 2024–25 నుంచి మళ్లీ మూడేళ్ల డిగ్రీ పెట్టారు. బి.ఎ.లో సైకాలజీతో పాటు సోషల్ వర్క్ గాని, సోషియాలజీ గాని కలిసివచ్చే కాంబినేషన్ అన్ని కాలేజీలలో ఉండదు. కాలేజీ పేరు చూసి కాక, కాంబినేషన్ చూసి దరఖాస్తు పెట్టండి. ఎం.ఎస్.డబ్ల్యు. కోసం బెంగళూరుకే పోనక్కరలేదు. మన ఊరి విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనే ఉంది. తమిళనాడు, మహారాష్ట్రలలో ఉన్న మనవాళ్లకు ఇందాక చెప్పిన మద్రాసు, ముంబయి సంస్థలు అందుబాటులో ఉన్నాయి.

రెండవది, ఒకేసారి రెండు డిగ్రీలు చేయవచ్చా? 2022 ఏప్రిల్‌లో యు.జి.సి. దీనికి అనుమతి ఇచ్చింది. రెండూ రెగ్యులర్‌గా చేసేటట్లయితే తరగతుల వేళలు ఒకదానికొకటి అడ్డు రాకూడదు. ఒకటి రెగ్యులర్‌గా, ఒకటి దూరవిద్యలో కూడా చేయవచ్చు. ఇది విని చాలామంది ఎం.ఎస్.డబ్ల్యు. రెగ్యులర్‌గా, సైకాలజీ ఎం.ఎ. దూరవిద్యలో చేద్దామనుకున్నారు. ఇక్కడ జాగ్రత్త. 2025 జూలై–ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదని యు.జి.సి. ఆపివేసింది. ఎవరైనా ఏజెంటు వచ్చి "ఇంట్లో కూర్చొని సైకాలజీ ఎం.ఎ., ఫీజు ఇప్పుడే కట్టండి" అంటే కట్టకండి. కౌంటరులో కూర్చున్నప్పుడు ఇలాంటి డి.డి.లు ఎన్నో రాసి ఇచ్చినవాణ్ణి, ఆ తర్వాత ఏడ్చినవాళ్లను చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

నన్నడిగితే రెండు పి.జి.లు ఒకేసారి నెత్తికెత్తుకోవడం కంటే ఒకదాని తర్వాత ఒకటి చేయడం మంచిది. ఎం.ఎస్.డబ్ల్యు.లో పాఠాలు సగమే. చాలా సంస్థలలో వారానికి రెండు రోజులు ఫీల్డ్ వర్క్ ఉంటుంది. ఆసుపత్రి, బడి, అనాథాశ్రమం, మురికివాడ, ఎక్కడ వేస్తే అక్కడికి పోవాలి. తిరిగివచ్చి రిపోర్టు రాయాలి, సూపర్‌వైజరుకు చూపించాలి. దానికి మనసు పెట్టకపోతే ఆ చదువు చదివి ప్రయోజనం లేదు.

మూడవది, ఏ చదువుకు ఏ పని? ఇక్కడే తల్లిదండ్రులు ఎక్కువగా మోసపోతారు. సైకాలజీలో బి.ఎ. గాని, ఎం.ఎ. గాని ఉన్నంత మాత్రాన 'క్లినికల్ సైకాలజిస్టు' అని బోర్డు పెట్టుకోకూడదు. దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన చదువు, ఆ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇన్నాళ్లూ ఆ దారి రెండేళ్ల ఎం.ఫిల్. సైకియాట్రిక్ సోషల్ వర్కుకు కూడా ఎం.ఎస్.డబ్ల్యు. తర్వాత ఎం.ఫిల్. అనే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో రాశారు. యు.జి.సి. 2022లో ఎం.ఫిల్.ను ఎత్తివేసింది. ఈ రెండు ఎం.ఫిల్.లకు మాత్రం 2025–26 ప్రవేశాల వరకు గడువు ఇచ్చింది. అందుచేత ఇప్పుడు డిగ్రీలో చేరే పిల్లలు పాత ఎం.ఫిల్. దారిని నమ్ముకొని లెక్కలు వేసుకోకూడదు. చేరబోయే పి.జి. కోర్సుకు కౌన్సిల్ గుర్తింపు ఉందా అని చేరే ముందే రాతపూర్వకంగా అడగండి. నోటిమాట నమ్మవద్దు.

ఇంకో ముఖ్యమైన మార్పు ఉంది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టంలో సైకాలజిస్టులను, ఆసుపత్రి, మానసిక ఆరోగ్య రంగాలలో పనిచేసే సోషల్ వర్కర్లను ఒకే వర్గంలో చేర్చారు. క్లినికల్ సైకాలజిస్టులు మాత్రం పాత కౌన్సిల్ కిందనే ఉన్నారు. రెండు చదువులూ ఒకే పనికి రెండు చేతులని చట్టం కూడా ఒప్పుకున్నట్టే అయింది.

నాల్గవది, ఉద్యోగాలు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఇంజనీరింగ్ చదివినవారికి వచ్చేటంత జీతం మొదట్లో రాదు. చాలా ఉద్యోగాలు కాంట్రాక్టు మీదనే ఉంటాయి. కానీ పని లేదనడం తప్పు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో డాక్టరుతో పాటు సైకాలజిస్టు, సోషల్ వర్కరు ఉంటారు. 2015 బాలల న్యాయ చట్టం కింద జిల్లా బాలల సంరక్షణ యూనిట్లు, బాలల గృహాలు ఉన్నాయి. హింసకు గురైన స్త్రీల కోసం 2015లో మొదలైన సఖి కేంద్రాలున్నాయి. ఆసుపత్రులు, బడులు, వ్యసన విముక్తి కేంద్రాలు, వృద్ధుల సంస్థలు ఉన్నాయి. ఐదువందల మంది, అంతకు మించి పనిచేసే కర్మాగారంలో వెల్ఫేర్ ఆఫీసరు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. ఎం.ఎస్.డబ్ల్యు. చేసి కర్మాగారాలలో ఆ పనికి పోయినవారు ఎందరో ఉన్నారు. ఈ పనులన్నింటిలో మనిషి మనసు తెలిసినవాడికి, ఆఫీసు కాగితం తెలిసినవాడికి విలువ ఉంది. రెండూ తెలిసినవాడికి ఇంకా ఎక్కువ విలువ.

మన పిల్లలకు ఇంకో ఆస్తి ఉంది. దాన్ని మనం ఆస్తిగా లెక్కపెట్టం. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి. సరిహద్దు మారింది గాని మన నోట్లో భాష మారలేదు. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడతారు. మద్రాసులో ఉన్నవారికి తమిళం, షోలాపూరులో ఉన్నవారికి మరాఠీ, బరంపురంలో ఉన్నవారికి ఒడియా వచ్చు. దుఃఖంలో ఉన్న మనిషి ఇంగ్లీషులో ఏడవడు. బ్యాంకులో ఆ అమ్మాయి పెద్దావిడతో తెలుగులో మాట్లాడింది, డాక్టరుకు కన్నడంలో చెప్పింది, రిపోర్టు ఇంగ్లీషులో రాసింది. ఇంత అర్హత ఇంకెక్కడ దొరుకుతుంది?

పిల్లలకు రెండు మాటలు. ఈ చదువులో చేరిన వారం రోజులకే ఇంట్లో అందరికీ జబ్బుల పేర్లు పెట్టకండి. నాయన కోపం డిప్రెషన్ అనీ, అవ్వ మతిమరుపు ఇంకేదో అనీ తేల్చేయకండి. రెండవది, రహస్యం. మేము బ్యాంకులో చేరిన రోజునే ఖాతాదారుల సంగతులు బయట చెప్పబోమని సంతకం పెడతాము. ఖాతాలో ఉండేది డబ్బే. మీ దగ్గరకు వచ్చేవాళ్లు డబ్బు కంటే పెద్దవి దాచిపెడతారు. బంధువుల పెళ్లిలో ఆ మాట నోరు జారితే ఇంకెవరూ మీ దగ్గరికి రారు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఆడపిల్ల ఫీల్డ్ వర్కుకు పల్లెలకు, వాడలకు పోవాలంటే మీకు భయం ఉంటుంది. అది సహజం. భయపడి చదువు మాన్పించకండి. కాలేజీకి వెళ్లి అడగండి. సూపర్‌వైజరు ఎవరు, ఏ వేళకు తిరిగి పంపుతారు, ఇద్దరిద్దరిని పంపుతారా అని అడిగే హక్కు మీకుంది. మగపిల్లలు ఈ చదువు అడిగితే "ఇది ఆడవాళ్ల చదువు" అనకండి. మా తమ్ముడితో మాట్లాడడానికి ఆ రోజుల్లో చదువుకున్న ఒక అన్న దొరికి ఉంటే వాడికి కొన్నేళ్లు మిగిలేవి.

ఇక నా బాకీ సంగతి.

2014లో నేను ఇదే కమిటీలో ఉన్నాను. సైకాలజీతో బి.ఎ. పాసైన ఒక అమ్మాయి ఎం.ఎస్.డబ్ల్యు. కోసం దరఖాస్తు పెట్టింది. తండ్రి టైలరు. మార్కులు బాగున్నాయి. దరఖాస్తు మీద అభిప్రాయం రాయవలసింది నేను. 'ఉద్యోగావకాశాలు తక్కువ. ఇంజనీరింగ్ దరఖాస్తులకు ప్రాధాన్యం ఇవ్వవచ్చు' అని రాశాను. నిమిషం కూడా ఆలోచించలేదు. సొంత తమ్ముడి కష్టం చూసినవాణ్ణి, ఆ పెద్దావిడ ఖాతా తెరిచినవాణ్ణి, అయినా ఆ మాట రాశాను. చేతికి అలవాటైన మాట అది. కమిటీ ఒప్పుకుంది. ఆ అమ్మాయికి ఉపకార వేతనం రాలేదు.

కొన్నేళ్ల తర్వాత బస్టాండులో ఆమె నన్ను గుర్తుపట్టి పలకరించింది. బాలల సంరక్షణ విభాగంలో పనిచేస్తున్నానని చెప్పింది. నేను సిగ్గుపడుతూ పాత సంగతి ఎత్తాను. "పర్వాలేదు సార్. రెండేళ్లు బట్టల అంగడిలో పనిచేసి ఫీజు కూడబెట్టుకున్నాను. రెండేళ్లు ఆలస్యమయింది, అంతే" అన్నది. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది.

'అంతే' అని ఆమె అన్నది గాని, నాకు అది అంత చిన్నది కాదు. ఆ రెండేళ్లు నా కలం వల్ల పోయినవి. ఆమె గట్టిది కాబట్టి నిలబడింది. అలాంటి ఒక్క వాక్యంతో చదువే మానుకున్నవాళ్లు ఎందరో మన రికార్డులలో ఉండరు. దరఖాస్తు తిరస్కరించిన తర్వాత ఎవరు ఏమయ్యారో మనం రాసుకోము.

అందుచేత కమిటీ పెద్దలకు నా మనవి ఇది. ఇంజనీరింగ్, మెడిసిన్ పిల్లలకు ఇచ్చేది తగ్గించమని అనడం లేదు. ఈ ఏడు వచ్చిన ఆ రెండు దరఖాస్తులను మార్కులు, ఇంటి ఆదాయం చూసి నిర్ణయించండి. కోర్సు పేరు చూసి పక్కన పెట్టకండి. అభిప్రాయం రాసే గడిలో 'ఉద్యోగావకాశాలు తక్కువ' అని రాయాలనిపిస్తే, రాసే ముందు ఆ పిల్లను పిలిచి ఒక్కసారి మాట్లాడండి. ఆ అమ్మాయి మొదటి ఏడాది ఫీల్డ్ వర్కు బస్సు ఖర్చులు నా పింఛనులో నుంచి ఇస్తాను. ఇది దానం కాదు, పాత బాకీకి మొదటి కంతు.

చివరగా ఒక నంబరు. 14416. ఇది టెలి మానస్. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య ఫోను సేవ. తెలుగులో కూడా మాట్లాడతారు. పరీక్షలు పోయాయని, అప్పులయ్యాయని, రాత్రి నిద్ర పట్టడం లేదని ఎవరైనా మీ ఇంట్లో మూలన కూర్చుంటే మూడేళ్లు ఆగకండి. ఈ నంబరు మీ క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.